అడగకుండ తీసిన ఫొటో

అమీర్‌పేట,
8 జూలై 2001

అక్కకు మహిపాల్ నమస్తే.

నువ్వు తిట్టకముందే నేనే ఒప్పుకుంటున్న, నెల దాటింది రాయక. నేను రాయకుంటే నీ పోస్టాఫీసు సంచిల బ్యాంకు నోటీసులు తప్ప ఏం రావని పోయినసారి అన్నవు. అందుకే ఈసారి పొడుగ్గ రాస్తున్న. బావకు సుత చదివి వినిపించు.

స్టూడియో నడుస్తున్నది గాని మునుపటి లెక్క లేదు. రెండేండ్ల కింద పొద్దున షట్టర్ లేపేసరికి పాస్‌పోర్టు ఫొటోలకు లైను ఉండేది. జావా నేర్చుకునేటోళ్ళు, ఒరాకిల్ నేర్చుకునేటోళ్ళు, వీసాకు పోయేటోళ్ళు. అందరికి ఒకటే నల్లకోటు తొడిగి, వదులైతే వెనుక పిన్నులు పెట్టి తీసేటోణ్ణి. ఈ ఏడు అమెరికాల కంపెనీలు మూతపడుతున్నయట, ఆ దెబ్బకు ఇక్కడ సుత మనుషులను తీసేస్తున్నరు. మైత్రీవనం ముందర పిల్లల గుంపు అట్లనే ఉన్నది. మొఖాలే మారినయి.

ఆ మొఖాలే తీస్తున్న అక్కా ఇప్పుడు. స్టూడియో బయట, రోడ్డు మీద, వాళ్ళకు తెల్వకుండ.

పోయిన ఆదివారం పంజాగుట్టల ఒక ఫంక్షన్ హాల్‌ల వాకిన్ ఇంటర్వ్యూ పెట్టిన్రు. అంటే పిలుపు లేకున్నా ఎవరైనా పోవచ్చు. ఉద్యోగాలు నలభై అట, వచ్చినోళ్ళు వేలల్ల ఉన్నరు. నేను అవతలి ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టేటాయన పక్కన కూసొని, పెద్ద లెన్సు పెట్టుకొని రెండు రీళ్ళు అయిపోగొట్టిన. ఒక పిల్ల గోడ దిక్కు తిరిగి తనలో తను ఇంగ్లిషు మాట్లాడుకుంటున్నది. ఒకాయన ముందున్నాయన వీపు మీద కాగితం పెట్టి ఫారం నింపుతున్నడు. అన్నిట్లకు మంచిది ఒకటి పడ్డది. ఇరవై ఎనిమిది, తొమ్మిదేండ్లు ఉండొచ్చు. ఫుట్‌పాత్ అంచున కూసున్నడు. ఒళ్ళె సర్టిఫికెట్ల ఫైలు, ఫైలు మీద మురమురాల పొట్లం. మరక పడుతదేమోనని టై తీసి భుజం వెనుకకు ఏసుకున్నడు. చెయ్యి నోటి దాక పోయి ఆగిపోయింది. గేటు కాడ ఎవరిదో పేరు పిలుస్తున్నరు, తనది కాదు. ఆ చూపు పదిహేనేండ్లల్ల స్టూడియోల ఒక్కసారి సుత నాకు దొరకలే. స్టూడియోల అందరు మొఖం సర్దుకొని కూసుంటరు.

ఒక పేపరోళ్ళకు చూపిచ్చిన. ఆదివారం అనుబంధంల ఏస్తరట. ఫొటో కింద నా పేరు వస్తది. బాపు ఉంటే మురిసిపోయేటోడు.

పిల్లలను అడిగినట్టు చెప్పు.
నీ తమ్ముడు
మహిపాల్

*

ఎర్రగట్టుపల్లి,
16 జూలై 2001

తమ్మీ మహిపాల్‌కు,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. నా చేతులతోనే ముద్ర కొట్టి, నా చేతులతోనే చింపి చదువుకున్న. ఈ ఉద్యోగంల అదొక్కటే సుఖం. పేపర్ల నీ పేరు వస్తదంటే మీ బావ, ఆ రోజు పత్తి చేనుకు పోను అన్నడు. పోకుండ ఏం చేస్తడు, వానలు లేక మొలకలు సగం మాడినయి, మళ్ళ గింజలు పెట్టాలె. నీ పెండ్లి సంగతి నేను ఎత్తను. ఎత్తితే రెండు నెలలు ఉత్తరం బందు పెడతవు.

ఒక పని చెప్తున్న, మరువకు. మా వాడకట్టుల పెంటయ్య కాక ఉన్నడు. నువ్వు ఈ ఊరికి వచ్చిందే రెండు సార్లు గనుక చూసి ఉండవు. బావి తవ్వేటప్పుడు రాయి పడి ఎడమ కాలు జర ఎత్తేసి నడుస్తడు. ఆయన భార్య భూలక్ష్మి అవ్వ, కండ్లు సరిగ ఆనవు. ఒక్కడే కొడుకు, ఐలేశ్. ఎమ్‌సీఏ చదివి మీ హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ కంపెనీల చేస్తున్నడు. మా ఊరికి అటువంటోడు మొదటోడు. నెల నెల ఉత్తరం రాస్తడు. ఇద్దరికి చదువు రాదు, నేనే చదవాలె. కాక వచ్చి గడప మీద తువ్వాల పరుచుకొని కూసుంటడు, అవ్వ కిటికీ ఊచలు పట్టుకొని నిలబడుతది. పోయిన ఉత్తరంల "బాపూ, మా ఆఫీసుల ఏసీ ఎంత చల్లగ ఉంటదంటే ఎండాకాలంల సుత అంగీ మీద అంగీ తొడుక్కుంటున్న" అని రాసిండు. కాక ఆ ఒక్క ముక్క మూడు సార్లు చదివించుకున్నడు. "ఎండల పుట్టినోనికి చలి పెడుతున్నదట" అని ఒకటే నవ్వు.

ఆ ఐలేశ్ నీకు దగ్గరనే, ఎస్.ఆర్. నగర్‌ల హాస్టల్‌ల ఉంటడు. అడ్రసు వెనుక రాసిన. ఒకసారి పోయి కలువు. మా పెద్దది ఇంటర్ అయినంక ఏం చదివితే కంప్యూటర్ దిక్కు పోవచ్చో అడుగు. ఆ పిల్లగాడు మంచోడు, చెప్తడు.

వేళకు తిను. హోటల్ తిండి తగ్గియ్యి.
అక్క
చంద్రిక

*

అమీర్‌పేట,
26 జూలై 2001

అక్కా,

నువ్వు చెప్పిన పని సగం చేసిన. మంగళవారం ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌కు పోయిన. ఒక రూంల ఆరు మంచాలు, తాడు మీద ఆరుగురి బట్టలు. ఐలేశ్ లేడు. పొద్దున పోతే చీకటి పడ్డంకనే వస్తడని వాచ్‌మన్ చెప్పిండు. సాఫ్ట్‌వేరోళ్ళ సంగతి అంతే గదా. నా పేరు, స్టూడియో పేరు చీటి మీద రాసిచ్చి వచ్చిన. ఇంక రాలే. మళ్ళ పోత, ఫికర్ చెయ్యకు.

ఫొటోలు ఆగస్టు ఐదు ఆదివారం వస్తయి. మురమురాల మనిషిదే అన్నిట్లకు పెద్దగ ఏస్తరట, పేజీల సగం. ఎవలు ఈయన అని పేపరాయన అడిగిండు. తెల్వదన్న. "తెల్వకుంటెనే మంచిది, అందరి మొఖం అయితది" అన్నడు. నాకు సుత ఆ మాట నచ్చింది.

ఒక్కటి మాత్రం మనసుల మెదులుతున్నది. ఆయనను అడగాల్సి ఉండెనా అని. అడిగితే టై సర్దుకుంటుండె, పొట్లం దాచుకుంటుండె. అప్పుడు ఇక అది ఫొటో ఎట్లయితది. స్టూడియో గోడకు తగిలేసేటియి అటువంటివి వెయ్యి ఉన్నయి నా దగ్గర.

ఇక్కడ వాన దంచుతున్నది. అమీర్‌పేట చౌరస్తాల మోకాళ్ళ లోతు నీళ్ళు. మీ చేన్లకు పంపియ్యడానికి రాదు గదా.

మహిపాల్

*

ఎర్రగట్టుపల్లి,
8 ఆగస్టు 2001

మహిపాల్‌కు,

మా ఊరికి ఆదివారం పేపర్లు రెండే వస్తయి. ఒకటి సర్పంచి ఇంటికి, ఒకటి హనుమాండ్లు చాయ్ హోటల్‌కు. మీ బావ పొద్దుగాలనే పోయి హోటల్ పేపరు పట్టుకొని "మా బామ్మర్ది తీసిన ఫొటోలు" అని అందరికి చూపిచ్చిండు. చూసినోళ్ళల్ల పెంటయ్య కాక ఉన్నడు.

చదువు రానోనికి అక్షరం తెల్వదు గాని కొడుకు మొఖం తెల్వదా.

కాక ఆ పేజీ పట్టుకొని సక్కగ మా ఇంటికి వచ్చిండు. నేను బియ్యం కడుగుతున్న. అరుగు మీద పేపరు పరిచి, "బిడ్డా, ఈయన ఎవలు?" అన్నడు.

"ఐలేశ్ లెక్క ఉన్నడు కాకా" అన్న.

"లెక్క గాదు. వాడే. కింద ఏం రాసిన్రు?"

చదువుమంటే చదివిన. "పదకొండో ఇంటర్వ్యూ. కొలువు మాత్రం కనుచూపు మేరలో లేదు" అని ఉన్నది.

"మరి ఏసీ? చలి? నువ్వు చదివినవన్ని?"

"ఐలేశ్ ఏం రాసిండో అదే చదివిన కాకా."

"మావోడు నాతోని ఎన్నడు అబద్ధం ఆడలే" అన్నడు. నా మొఖం దిక్కు చూసి, "నాకు సంబురం కావాల్నని నువ్వే కల్పించి చదివినవ్ బిడ్డా. వాడు కష్టం చెప్పుకుంట రాస్తే నువ్వు మింగినవ్. ముందుగాల తెలిస్తే నేను పోయి తోడ్కొని వస్తుంటి గదా" అన్నడు. మెల్లగనే అన్నడు. తిట్టినా బాగుండు.

ఇంటికి పోయి ఉత్తరాలన్ని మూట కట్టుకొని బడిసారు దగ్గరికి పోయిండట, మళ్ళ చదివించుకోవడానికి. పదకొండేండ్ల నుంచి ఈ ఊరి ఉత్తరాలు చదువుతున్న. సావు కబుర్లు చదివిన, కోర్టు కాగితాలు చదివిన. ఒక్క మాట మార్చలే. ఇయ్యాల మా వాడకట్టు చిలకమ్మ తన బిడ్డ రాసిన కార్డు నాతోని చదివించుకొని, మళ్ళ బడిసారు ఇంటి దిక్కు పోయింది. నా కండ్ల ముందటనే.

నిన్ను ఒక్కటి అడుగుత. నీకు నేను అడ్రసు ఇచ్చిన. పోయి వచ్చిన అని రాసినవు. పోయినోనివి ఆ పిల్లగాడు ఎవలో తెలుసుకోలేదంటే నేను నమ్మాల్నా? తెలిసే ఏసినవు. నీ పేరు అచ్చుల పడాలె, మా ఊరోని పరువు పోతే నీకేంది.

చంద్రిక

*

అమీర్‌పేట,
14 ఆగస్టు 2001

అక్కా,

నీ ఉత్తరం మూడు సార్లు చదివిన. ఐలేశ్‌ను నేను ఎన్నడు చూడలే. చూడని మనిషి మొఖం ఎట్ల గుర్తుపడత? హాస్టల్‌కు పోయిన్నాడు ఆయన లేడని రాసిన గదా. నువ్వు నన్ను అంత మాట అంటవని అనుకోలే.

"పదకొండో ఇంటర్వ్యూ" అన్నది సుత నేను రాసింది గాదు. పేపరోళ్ళు కల్పించిన్రు.

నీ ఉత్తరం అందినరోజే మళ్ళ హాస్టల్‌కు పోయిన. ఐలేశ్ మంచం మీద వేరేటాయన ఉన్నడు. పక్క మంచం పిల్లగాడు కేదార్ అని, భీమవరం దిక్కోడు, చెప్పిండు. "ఆయన ఖాళీ చేసి వెళ్ళిపోయారండీ, వారం అయింది. ఫొటో వచ్చిన రోజు మావాళ్ళు ఆ పేజీ కత్తిరించి తలుపుకి అంటించారు. ఆటపట్టించడానికేనండీ. సాయంత్రానికి పెట్టె సర్దుకున్నారు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు." ఐలేశ్‌కు నిజంగనే ఉద్యోగం ఉండెనట. బేగంపేటల చిన్న కంపెనీ, ఏడాదిన్నర చేసిండు. ఫిబ్రవరిల ఒక శుక్రవారం ముప్పైమందిని పిలిచి రేపటి నుంచి రావద్దన్నరట. అప్పటి దాక రాసినవన్ని నిజాలే. ఆ తర్వాతియే అబద్ధాలు. పెంటయ్య కాకకు ఈ సంగతి చెప్పు.

తలుపు మీద ఇంక గోందు మరక ఉన్నది. గోరుతోని గీకిన, పోలే.

కాని ఒక్క మాట అంటే కోపం చెయ్యకు. నా ఫొటో అబద్ధం చెప్పలే. ఆరు నెలలు నువ్వు చదివినయే అబద్ధాలు. తెలిసో తెల్వకనో, నీ నోటితోనే.

మహిపాల్

*

ఎర్రగట్టుపల్లి,
31 ఆగస్టు 2001

మహిపాల్‌కు,

నీ ఉత్తరానికి జవాబు రాయొద్దనుకున్న. రెండు వారాలు సొరుగుల పెట్టిన. ఇప్పుడు అవసరం పడ్డది గనుక రాస్తున్న.

పెంటయ్య కాక నిన్న పొద్దటి బస్సుకు హైదరాబాద్ పోయిండు. ఒక్కడే. నాకు చెప్పలే, నాతోని మాట్లాడుడే బందు పెట్టిండు. బడిసారు సుత ఉత్తరాలు నేను చదివినట్టే చదివిండట. అయినా రాలే. నువ్వు చెప్పిన బేగంపేట సంగతి చెప్పుదామని రెండు సార్లు వాళ్ళింటికి పోయిన. ఒకసారి చేనుకు పోయిండన్నరు, ఒకసారి నన్ను చూసి లోపలికి పోయిండు. ఇక నేనూ పోలే. పోయి ఉండాల్సింది.

ఊర్లోళ్ళు ఫొటో సంగతి భూలక్ష్మి అవ్వకు చెప్పిన్రు. ఆమెకు చూపు ఆనదు గదా, పేపరు మొఖానికి ఆనిచ్చుకొని చూసి, "ఇది నా కొడుకు గాదు, వాడు ఇంత బక్కగుండడు" అన్నదట. అప్పటి నుంచి అన్నం సరిగ తింటలేదు. "నా కండ్లతోని చూసి వచ్చి చెప్తనే" అని ఆమెకు మాటిచ్చి కాక బయలెల్లిండు. చేతుల ఆ పేపరు ముక్క తప్ప అడ్రసు సుత లేదు. హాస్టల్ అడ్రసు నా దగ్గర ఉన్నది, నన్ను అడుగుడు ఇష్టం లేక పోయిండు.

తమ్మీ, కోపాలు తర్వాత పడుదాం. ఆకుపచ్చ తువ్వాల, తెల్ల ధోతి, ఎడమ కాలు ఎత్తేస్తడు. మనుషులను అడుక్కుంట తిరుగుతడు. జర చూడు.

చంద్రిక

*

అమీర్‌పేట,
2 సెప్టెంబర్ 2001

అక్కా,

పదిహేను రోజులాయె, నీ దగ్గరి నుంచి కార్డు ముక్క లేదు. నేను రాసిన ఆఖరి మాట నీకు గుచ్చుకున్నట్టున్నది. పోస్టు డబ్బాల ఏసినంక నాకు సుత గుచ్చుకున్నది. నువ్వు పెద్దదానివి, మనసుల పెట్టుకోకు.

ఐలేశ్ జాడ లేదు. నాలుగు హాస్టళ్ళల్ల అడిగిన.

పేపరోళ్ళు ఇంకొన్ని ఫొటోలు అడుగుతున్నరు. మనసు ఒప్పక నెలరోజులు కెమెరా బయటికి తియ్యలే. నిన్న ఒక్కటి మాత్రం తీసిన. మైత్రీవనం కాడ, చినుకులు పడుతున్నయి. ఒక ముసలాయన, ఊరు నుంచి వచ్చినట్టుండు, తువ్వాల నెత్తికి చుట్టుకున్నడు. చేతుల మడత పెట్టిన కాగితం. కోచింగ్ నుంచి బయటికి వచ్చే ప్రతి పిల్లగాని మొఖం దిక్కు చూస్తడు, కాగితం చూసుకుంటడు, మళ్ళ ఇంకొకని మొఖం చూస్తడు. ఏదో ఇన్‌స్టిట్యూట్ అడ్రసు కావచ్చు, చదువు రాక తిప్పలు పడుతున్నడు అనుకున్న. వందలమంది ఆయనను దాటుకుంట పోతున్నరు, ఒక్కడు ఆగుతలేడు. స్టూడియో మెట్ల మీద నిలబడి మూడు తీసిన. పిలిచి అడుగుదామనుకున్న, అంతల గిరాకీ వచ్చింది. మళ్ళ చూసేసరికి లేడు.

ఇంక కడగలే ఆ రీలు. మంచిగ వచ్చి ఉంటయి.

జవాబు రాయి. తిట్టుకుంటనన్న రాయి.
మహిపాల్

*

అమీర్‌పేట,
10 సెప్టెంబర్ 2001

అక్కా,

నీ ఉత్తరం నాలుగో తారీఖు మంగళవారం నాకు అందింది. నేను రాసింది అప్పటికి నీకు చేరి ఉంటది. చదివి నువ్వు ఏమనుకున్నవో నాకు తెలుసు. జూలైలనే రాసినవు నువ్వు, ఎడమ కాలు ఎత్తేసి నడుస్తడని. చదివిన. చదివి మర్చిపోయిన. ఆ ముసలాయన కాలు ఎత్తేస్తుంటే ఆ నడక ఫొటోకు బాగుంటదని చూసిన తప్ప, ఇంకేం తోచలే.

అప్పటికప్పుడు రీలు కడిగిన. పెద్దగ చేసి చూస్తే ఆయన చేతుల కాగితం మీద ఉన్నది నేను తీసిన ఫొటోనే.

స్టూడియో మూసేసి తిరిగిన. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, మళ్ళ మైత్రీవనం. బుధవారం పొద్దున పంజాగుట్టల పెద్ద దవాఖాన ముందరి బస్‌స్టాపుల కనపడ్డడు. రోగుల చుట్టాలు అక్కడనే పండుతరు గనుక ఎవలూ లేపలేదట. ఆరు రోజుల నుంచి రాత్రి అక్కడ పండుతున్నడు, పొద్దున లేచి మొఖాలు చూసుకుంట తిరుగుతున్నడు. కాలు వాసి చెప్పుల పడతలేదు. నేను ఎవలో చెప్పిన. చంద్రిక తమ్మున్ని అన్న. ఆ ఫొటో తీసింది నేనే అన్న. తువ్వాల దులుపుకొని లేచిండు. స్టూడియోకు తీసుకొచ్చి చాయ్ ఇచ్చినంక, దాచుడు ఎందుకని, "మొన్న శనివారం నిన్ను సుత చూసిన కాకా. నీది సుత ఫొటో తీసిన" అన్న.

"చూసినవా?" అన్నడు. "చూసినోనివి మరి ఎందుకు పిలువలే?"

ఆయన గ్లాసుల ఇంకింత చాయ్ పోసిన.

బేగంపేట కంపెనీ సంగతి, ఫిబ్రవరి సంగతి అంత చెప్పిన. శ్రద్ధగ విన్నడు. "అయితే ఎండాకాలంల రాసిన చలి అబద్ధమన్నట్టు" అన్నడు. వాసిన కాలు చాపుకుంట, "చంద్రికను ఊకెనే అన్న" అన్నడు.

మూడు రోజులు ఇద్దరం తిరిగినం. శనివారం కేదార్ పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిండు. నన్ను పక్కకు పిలిచి, "పంజాగుట్టలో కొత్తగా పెట్టిన పెద్ద బట్టల షాపు ఉంది కదండీ, దాని తలుపు దగ్గర ఐలేశ్ గారిని చూశాను. సెక్యూరిటీ డ్రెస్‌లో ఉన్నారు. నన్ను చూసి తల తిప్పుకున్నారు. నేనూ పలకరించలేదు" అన్నడు. మెల్లగనే అన్నడు గాని కాక విన్నడు.

నిన్న ఆదివారం పోయినం. షాపుకు ఎదురుంగ, రోడ్డు ఇవతల మందుల దుకాణం మెట్ల మీద నిలబడ్డం. ఆ జంక్షన్‌ల బస్సులు, ఆటోలు ఆగకుండ పోతనే ఉంటయి, అవతలి మనిషి మొఖం ఆనదు. పెద్ద లెన్సు పెట్టి కాకకు ఇచ్చిన. కెమెరా పట్టుకోరాదు ఆయనకు, నేనే కింద చెయ్యి పెట్టి పట్టుకున్న. అటు తిప్పి ఇటు తిప్పి, ఒక కాడ ఆగిండు.

నీలం అంగీ, నెత్తి మీద టోపీ. వచ్చేటోళ్ళకు అద్దం తలుపు తెరుస్తున్నడు, పోయేటోళ్ళకు తెరుస్తున్నడు. తలుపు తెరిచినప్పుడల్ల ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకొని జర వంగుతున్నడు.

"దా కాకా, రోడ్డు దాటుదాం" అన్న.

"వద్దు."

"ఇంత దూరం వచ్చి?"

"డ్యూటీ మీద ఉన్నడు. నన్ను చూస్తే ఇది సుత ఇడిసిపెట్టి పోతడు. మొన్న హాస్టల్ ఇడిసిపెట్టలేదా? మళ్ళ ఏడ దేవులాడాలె నేను?" అన్నడు. కన్ను లెన్సు మీది నుంచి తియ్యలే. అరగంట అట్లనే చూసిండు. ఒకసారి ఐలేశ్ జేబు రుమాలుతోని మొఖం తుడుచుకుంటే, ఈయన చెయ్యి తెల్వకుండనే తువ్వాల మీదికి పోయింది.

నా దగ్గర ఇంకో కెమెరా మెడల ఉన్నది. కాక మొఖం నా ముందట జానెడు దూరంల ఉన్నది. నా వేలు బటన్ మీదికి పోయింది అక్కా, అబద్ధం ఎందుకు ఆడాలె. ఆయన తల తిప్పకుండనే, "ఫొటో తియ్యకు కొడుకా" అన్నడు.

తియ్యలే.

రాత్రికి స్టూడియోల పండి, ఇయ్యాల పొద్దున బస్సు ఎక్కిండు. కాలుకు మందు ఇప్పిచ్చిన. "నేను పోయి ఐలేశ్‌తోని మాట్లాడుత, నా తప్పు ఒప్పుకుంట" అన్న. ఒట్టు పెట్టించుకున్నడు, పోవద్దని. ఆయన చెప్పినట్టు ఉండాల్నా, నువ్వైతే ఏం చేద్దువో నాకు రాయి.

పేపరోళ్ళకు ఇక ఇయ్యనని చెప్పిన. ఇప్పుడు రోడ్డు మీద ఎవలినన్న తియ్యాలంటే ముందుగాల అడుగుతున్న. అడిగితే అందరు నవ్వుతున్నరు. ఒక్కటి సుత పనికొస్తలేదు.

మహిపాల్

*

ఎర్రగట్టుపల్లి,
14 అక్టోబర్ 2001

తమ్మీ,

ఆలస్యం చేసిన. పత్తి ఏరుడు మొదలైంది, అందుకని గాదు. ఏం రాయాల్నో తెల్వక.

నీ రెండో తారీఖు ఉత్తరం చదివిన్నాడు నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పను. పదో తారీఖుది చదివినంక పోయింది. నువ్వు రాసిన ఆ అబద్ధాల మాట సుత నిజమే. నేను ఉత్తరం చదువుతున్న అనుకున్న గాని, ఏసీ చలి ముక్క వచ్చినప్పుడల్ల గొంతు పెంచి చదివేదాన్ని, కాక నవ్వుతడని. ఆయన అన్నది పూర్తిగ తప్పు గాదు.

కాక ఊరికి వచ్చిన్నాడు బస్సు దిగి ఇంటికి పోకముందే మా ఇంటికి వచ్చిండు. "నిన్ను అనరాని మాట అన్న బిడ్డా" అన్నడు. దారిల బడిసారు దగ్గర ఉన్న ఉత్తరాల మూట తెచ్చి నాకే ఇచ్చిండు. ఇంట్ల ఉంటే అవ్వ మళ్ళ ఎవలితోనన్న చదివిస్తదని, ఆ ఏసీ ముక్క ఇక వినలేనని, నీ దగ్గరనే ఉండనియ్యి అన్నడు. తర్వాత నేను సుత వెంట పోయిన. భూలక్ష్మి అవ్వ గడపల కూసొని ఉన్నది. "చూసినవా?" అన్నది.

"చూసిన."

"మాట్లాడినవా?"

"ఆఫీసు నడుస్తుండె. లోపలికి పోనియ్యరు. దూరం నుంచి చూసిన. అద్దాల బిల్డింగు. నీలం అంగీ ఏసుకున్నడు, ఇస్త్రీది. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు వాని ముందటనే పోవాలె." అంతే చెప్పిండు. ఒక్క మాట అబద్ధం లేదు చూడు తమ్మీ. ఆ పేపర్ల మనిషి మరి? అని ఆమె అడిగితే, "వాడు ఎవలో పాపం" అన్నడు. ఆ పూట అవ్వ రెండు ముద్దలు తిన్నది.

నువ్వు ఐలేశ్ దగ్గరికి పోవద్దు. కాకకు ఒట్టేసినవు, ఆ మాట మీద ఉండు. నీకు బరువుగ ఉంటదని తెలుసు. మోయాలె మరి.

మొన్న గురువారం ఐలేశ్ ఉత్తరం వచ్చింది. రెండు నెలల తర్వాత. సంచిల ఆ చేతిరాత చూసి ముందుగాల దానికే ముద్ర కొట్టిన. కబురు చేస్తే ఇద్దరు వచ్చిన్రు. కాక తువ్వాల పరుచుకొని కూసున్నడు, అవ్వ ఊచలు పట్టుకున్నది. చదివిన. రూం మారిన్నని రాసిండు. కొత్త అడ్రసు మాసబ్ ట్యాంక్ దిక్కు. కొత్త కంపెనీ పెద్దదట, మనుషులు మస్తు వస్తరట, తీరిక దొరుకుతలేదట. అవ్వ కండ్లు ఈ చలికాలంల చూపియ్యమని రాసిండు. కాక కింద చూసుకుంట విన్నడు. నేను గొంతు పెంచలే, తగ్గియ్యలే. అయిపోయినంక, "మళ్ళొక్కసారి చదువు బిడ్డా" అన్నడు. చదివిన.

జవాబు రాయాలె అన్నడు. ఇన్‌లాండ్ తీసి కూసున్న. మేమంత మంచిగున్నమని, వానలు ఆలస్యమైనా పత్తి చేతికి వచ్చిందని, అవ్వ కండ్లకు సంక్రాంతి పోయినంక వరంగల్ పోతమని చెప్పిండు. తర్వాత, "పొద్దంత నిలబడుడు గదా, ఉడుకు నీళ్ళల్ల ఉప్పేసి కాళ్ళు పెట్టుకొమ్మని రాయి" అన్నడు. నేను రాసుకుంట పోయిన. రాసినంకనే నాకు తెలిసింది.

కిటికీ కాడి నుంచి అవ్వ అడిగింది, "నిలబడుడేంది? కుర్సీల కూసొని చేసే పని గాదా?"

కాక తువ్వాల అంచు మడత పెట్టుకుంట, "అవు. మర్చిపోయిన" అన్నడు. నా దిక్కు చూసి, "కొట్టెయ్యి బిడ్డా" అన్నడు.

"కొట్టేస్తే కింద అక్షరాలు కనపడుతయి కాకా."

"మరి ఇంకోటి తీసుకో."

కొత్త ఇన్‌లాండ్ తీసి మొదటి నుంచి మళ్ళ రాసిన. ఆ ముక్క కాడికి వచ్చి ఆగిన.

"కూసొని కూసొని నడుము పడుతది, జర నూనె రాసుకొమ్మని రాయి" అన్నడు.

రాసిన తమ్మీ. మీద అడ్రసు రాసి, నేనే ముద్ర కొట్టిన.

అక్క
చంద్రిక